పండుగ ముందు రాత్రి

ఆరేళ్ల మా అబ్బాయికి రక్త క్యాన్సర్ అని తేలినప్పుడు మేము కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలివచ్చి, ఆస్పత్రి సమీపంలో ఒక గది అద్దెకు తీసుకున్నాము. పిల్లల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదేననీ, చికిత్సకు లొంగుతుందనీ, అయితే రెండు మూడేళ్లు ఓపిక పట్టాలనీ వైద్యులు చెప్పారు. ఒక హెచ్చరిక కూడా చేశారు. ఈ మందులు రోగకణాలతో పాటు రోగాన్ని ఎదిరించే తెల్లకణాలనూ హరిస్తాయి. కనుక జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే అది ఏ వేళయినా సరే, వెంటనే రావాలి.

రంజాన్ 29వ రోజు సాయంత్రం షవ్వాల్ నెలవంక కనిపించింది. బాబు కొత్త కుర్తా తొడుక్కుని చూసుకున్నాడు. ఇషా తరువాత నుదురు వేడిగా తగిలింది. థర్మామీటరు 101 చూపింది. పండుగ పూట వాణ్ణి మళ్లీ వార్డులో పడుకోబెట్టడానికి మాకు మనసొప్పలేదు. పారాసిటమాల్ ఇచ్చి, ముసల్లా పరచుకుని కూర్చున్నాము. ఆ రాత్రి చేసినన్ని దుఆలు మేమెన్నడూ చేయలేదు. చేయవలసిన ఒక్క పని మాత్రం చేయలేదు.

ఫజ్ర్ వేళకు వాడి చేతులు, కాళ్లు చల్లబడ్డాయి. పిలిస్తే పలకలేదు. ఆటోలో ఆస్పత్రికి పరుగెత్తాము. "జ్వరం ఎప్పుడు మొదలైంది?" అని డాక్టరమ్మ అడిగారు. "ఇప్పుడే" అన్నాము. మాలో ఒకరు ఆ అబద్ధమాడితే, మరొకరు తలవంచుకుని నిజం చెప్పారు. ఎవరు ఏది చెప్పారో రాయము. తప్పు ఇద్దరిదీను. ఆవిడ ఒక్క మాటా అనకుండా బాబును ఐసీయూకు తీసుకెళ్లారు.

మా ఈద్ ఆ వరండాలో గడిచింది. ప్లేట్‌లెట్లు కావాలన్నారు. ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు కనుక దాతను అప్పటికప్పుడు వెతుక్కోవాలి. మా బంధువులంతా ఊళ్లో ఉన్నారు. చెల్లెలి చికిత్సకు వచ్చిన ఒక హిందూ యువకుడు, మేము అడగకముందే చొక్కా చేయి మడుచుకుంటూ లేచాడు.

ఒంటెను ముందు కట్టి, ఆ తరువాతే అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మాకు చిన్ననాటి నుంచీ తెలుసు. అయినా ఆ రాత్రి ఒంటెను విడిచిపెట్టి, మా భయానికే తవక్కుల్ అని పేరు పెట్టుకున్నాము.

నాలుగో రోజున బాబు కళ్లు తెరిచాడు. "అబ్బా, పండుగ అయిపోయిందా?" అన్నాడు. కాలేదని చెప్పాలనిపించింది. కానీ మరో అబద్ధానికి నోరు రాలేదు. "అయిపోయింది బేటా. మేమూ చేసుకోలేదు" అన్నాము. వాడు కాసేపు ఆలోచించి, "అయితే బక్రీద్‌కి కుర్తా వేసుకుంటాలే" అన్నాడు. అల్‌హమ్దులిల్లాహ్, వేసుకున్నాడు.

చికిత్స ఇంకా సాగుతోంది. ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది. ఇప్పుడు మా ఇంట్లో ముసల్లా పక్కనే థర్మామీటరు ఉంటుంది. ఇలాంటి బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే: జ్వరం వస్తే దుఆను ఇంట్లో కూర్చుని కాదు, ఆస్పత్రి దారిలో చేయండి.