రిఫరీగా నిలబడిన ఆదివారం



మొన్న యవ్వనస్థుల కూడికలో ఒక తమ్ముడు ఫోన్‌లో వీడియో చూపించాడు. విదేశంలో ఒక క్రైస్తవ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు వేరే దేశానికి వెళ్లింది. అక్కడి బీద పిల్లలకు ఆట నేర్పి, బూట్లు పంచి, వాక్యం చెప్పి, పది రోజులకు తిరిగి వెళ్లిపోయింది. "అయ్యగారూ, ఇసుంటోళ్లు మనూరికి రారా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే, చాపలు మడుస్తున్న ఒక అవ్వ, "వస్తే ఎన్ని దినాలుంటరు నాయనా?" అంది. అందరూ నవ్వారు. నేను మాత్రం వారం రోజులుగా ఆ మాట దగ్గరే ఉన్నాను.

ఆటగాళ్లు సేవకు వెళ్లడం అనగానే నాకు ఎరిక్ లిడిల్ గుర్తొస్తాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగు పోటీ తొలి దశ ఆదివారం పడిందని ఆ పందెమే వదులుకున్నాడు. తర్వాత 400 మీటర్లు 47.6 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం గెలిచాడు. ఈ సంగతి మన సండే స్కూల్ పిల్లలకు కూడా తెలుసు. ఆ తర్వాతి ఇరవై ఏళ్ల గురించి మాత్రం మనం అంతగా చెప్పుకోం. మరుసటి సంవత్సరమే, అంటే 1925లో, తాను పుట్టిన చైనాకే మిషనరీగా వెళ్లి, టియెన్‌సిన్‌లో ఒక కాలేజీలో సైన్సు పాఠాలు చెప్పాడు, పిల్లలతో ఆటలు ఆడించాడు. యుద్ధం ముదిరినప్పుడు గర్భవతిగా ఉన్న భార్యను, ఇద్దరు కూతుళ్లను కెనడాకు పంపాడు. మూడో కూతుర్ని ఆయన చూడనే లేదు. 1943లో జపాన్ సైన్యం ఆయన్ను వెయ్‌షియెన్ నిర్బంధ శిబిరంలో పెట్టింది.

ఆ శిబిరంలో తల్లిదండ్రులకు దూరమైన బడిపిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఆయన ఎరిక్ అంకుల్. పాఠాలు చెప్పేవాడు, విరిగిన హాకీ కర్రలు బాగుచేసి ఇచ్చేవాడు. అయితే ఆదివారం మాత్రం ఆట వద్దనేవాడు. ఒక ఆదివారం పిల్లలు వాళ్లంతట వాళ్లే ఆడుకుని, రిఫరీ లేక కొట్టుకున్నారు. తర్వాతి ఆదివారం ఎరిక్ లిడిల్ వచ్చి రిఫరీగా నిలబడ్డాడు. పతకం కోసం ఇవ్వని ఆదివారాన్ని పిల్లల కోసం ఇచ్చాడు. ఇది చదివి, ఆరాధన ఎగ్గొట్టి టోర్నమెంట్‌కు పోవడానికి పాస్టరుగారు సెలవిచ్చారని ఏ తమ్ముడూ అనుకోవద్దు! 1945 ఫిబ్రవరి 21న ఆ శిబిరంలోనే మెదడులో గడ్డతో ఆయన ప్రభువు సన్నిధికి చేరాడు.

మన తెలుగు నేలకు వస్తాను. ఊరి బడి ముందు సాయంత్రం మనవాళ్లు ఆడే వాలీబాల్‌ను 1895లో అమెరికాలో తయారుచేసింది వై.ఎం.సి.ఎ.లో పనిచేసే విలియం మోర్గన్. మద్రాసులో వ్యాయామ విద్య కాలేజీ 1920లో మొదలుపెట్టిన హ్యారీ బక్ కూడా వై.ఎం.సి.ఎ. మనిషే. లిడిల్ పరుగెత్తిన ఆ పారిస్ ఒలింపిక్స్‌కే ఆయన మన దేశపు జట్టుతో వెళ్లాడు. అదే వై.ఎం.సి.ఎ.లో ఏళ్ల తరబడి కార్యదర్శిగా పనిచేసిన తమిళుడు అజరయ్య గారు 1909లో ఆ పని వదిలి, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో అక్కడ బిషప్ అయ్యారు. మధ్యలో 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్లవారి ముందు నిలబడి ఆయన అడిగింది ఒక్కటే. మీరు ఎన్నో ఇచ్చారు, త్యాగాలు చేశారు, ఇప్పుడు మాకు స్నేహితులు కావాలి అన్నారు. ఆ రోజుల్లో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. ఆయన 1945 జనవరి 1న కన్నుమూసేదాకా డోర్నకల్ విడిచిపెట్టలేదు.

మన నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో మెన్నొనైట్ బ్రదరన్ మిషనరీలు బడులు, ఆసుపత్రులు పెట్టి ఏళ్ల తరబడి ఉన్నారు. పది రోజులకు వచ్చేవాళ్లను నేను తక్కువ చేయడం లేదు. సొంత డబ్బు పెట్టుకుని, సెలవులు మానుకుని వస్తారు. కానీ బహుమతి చేతికిచ్చి, ఫోటో కోసం పిల్లల్ని వరుసలో నిలబెట్టడం నాకు నచ్చదు. ప్రభువు పిల్లలను ఎత్తి కౌగిలించుకున్నాడని మార్కు 10లో చదువుతాం. వాళ్ల పేర్లు అడగకుండానే ఎత్తుకున్నాడని నేను అనుకోను.

అయినా ఆ జట్టు ఆగస్టులోనో సెప్టెంబరులోనో మన నడిగడ్డకు వస్తే, ఆడటానికి పిల్లలేరీ? సీడు పత్తి చేలల్లో ఉంటారు. సాయంత్రం మొగ్గ గిల్లాలి, మరునాడు పొద్దున మగ పువ్వు పుప్పొడి అద్దాలి. క్రాసింగ్ మొదలైతే రెండు మూడు నెలలు ఒక్క రోజు ఆగదు. మొగ్గకు ఆదివారం తెలియదు. చిన్న వేళ్లయితే మొగ్గ చెడదని పిల్లల్ని పిలుస్తారు. తల్లిదండ్రులకు అడ్వాన్సు ముందే అందుతుంది, బడి రిజిస్టరులో మాత్రం పేరుంటుంది. 14 ఏళ్లలోపు పిల్లల్ని కూలికి పెట్టుకోవడం చట్టప్రకారం నేరం. మన సంఘాల్లో సీడు వేసే రైతులున్నారు, అడ్వాన్సు తీసుకున్న తల్లులూ ఉన్నారు. మీ అప్పులు నాకు తెలుసు, పెద్దవాళ్ల కూలి ఎంతో కూడా తెలుసు. తెలిసే అడుగుతున్నాను: ఈ సంవత్సరం మన సంఘంలో ఒక్క బిడ్డ కూడా బడి మాని చేనుకు పోకూడదు. ఆదివారం పుల్పిట్ మీద నుంచి కూడా ఇదే చెబుతాను. కోపం వచ్చినవాళ్లు ఇంటికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం.

ఇక మన జట్టు సంగతి. మన వాలీబాల్ తమ్ముళ్లు పదకొండు మంది ఒప్పుకున్నారు. ఈ నెల రెండో ఆదివారం నుంచి ఆరాధన అయ్యాక, పొద్దుటి పని ముగిసి సాయంత్రం పని మొదలుకాని మధ్యాహ్నం వేళ, దగ్గరి రెండు ఊళ్లకు వెళ్తారు. పంచడానికి ఏమీ తీసుకెళ్లరు. ఒక్కొక్కరు ఐదుగురు పిల్లల పేర్లు, తరగతి నోటుబుక్కులో రాసుకోవాలి. మళ్లీ వారం అదే పిల్లల దగ్గరికి వెళ్లాలి. బడికి రాని బిడ్డ ఉంటే ముందు నాకు చెప్పాలి, నేను ఆ ఇంటికి వెళ్తాను. క్రాసింగ్ అయిపోయిన తర్వాత కూడా వెళ్తూనే ఉండాలి. మళ్లీ వర్షాకాలం దాకా వెళ్తామని మాటిచ్చారు. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.

నెట్ ఉంది, బంతులు రెండున్నాయి. గాలి కొట్టే పంపు చెడిపోయింది. ఎవరింట్లోనైనా ఉంటే ఆదివారం తెచ్చివ్వండి.