నడుముకో కొలత

ప్రబంధ కవులకి నాయిక నడుము ఉందో లేదో ఎప్పటికీ తేలదు. ఆకాశమంటారు, శూన్యమంటారు, లేనిదాన్ని వర్ణించేదెలాగని చమత్కరిస్తారు. నా పిహెచ్‌.డి. అంతా ఆ వర్ణనల చుట్టూనే తిరిగింది. పద్యాల్లో లేని ఆ నడుము మా ఇంటి ఆడవాళ్ళందరికీ ఉంది. కాన్పుల తర్వాత మిగిలిపోయిన పొట్ట గురించి ఎవరూ బెంగపడలేదు. ‘పిల్లల్ని కన్న ఒళ్ళు, అంతే’ అనుకున్నారు. అయితే అందం, లేకపోతే మాతృత్వం. ఆడదాని నడుముని ఆరోగ్యం వైపు నుంచి చూసే అలవాటు మన ఇళ్ళలో లేదు.

అమ్మ ఎత్తు 5 అడుగులు, బరువు 52 కిలోలు. చేతులు పుల్లల్లా ఉంటాయి. నీరసమనీ, రాత్రిళ్ళు ఒకటే దాహమనీ ఎన్నిసార్లు చెప్పుకున్నా, తను చూపించుకునే క్లినిక్‌లో ‘ఇంత సన్నగా ఉన్నారు, మీకు షుగరేంటమ్మా’ అని విటమిన్ మాత్రలు రాసిచ్చారు. శుక్లాల ఆపరేషన్‌కి ముందు రక్తపరీక్ష చేస్తేగాని సంగతి బయటపడలేదు. అప్పటికే అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. నడుము కొలిస్తే 88 సెంటీమీటర్లు.

ఆమెని ‘సన్నం’ చేసింది బి.ఎం.ఐ. కిలోల బరువుని మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె. అమ్మది 22.4. ఈ లెక్క పుట్టుక మనం తెలుసుకోవలసిందే. 1830లలో బెల్జియం గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ క్వెట్‌లే ‘సగటు మనిషి’ కోసం వెతుకుతూ తేల్చిన సూత్రం ఇది. 1972లో ఆన్సెల్ కీస్ బృందం దానికి ఇప్పటి పేరు పెట్టింది. వాళ్ళు పరిశీలించినవాళ్ళంతా మగవాళ్ళే. ఆ అంకెకి కండకీ కొవ్వుకీ తేడా తెలీదు, కొవ్వు ఎక్కడ చేరిందో అసలే తెలీదు. 2004లో పుణె డాక్టరు యాజ్ఞిక్, బ్రిటన్ డాక్టరు యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. (ఇక్కడా ఇద్దరూ మగవాళ్ళే అనుకోండి!)

తొడల మీదా పిరుదుల మీదా చర్మం కింద చేరే కొవ్వుతో అంత ప్రమాదం లేదు. పేగుల చుట్టూ, కాలేయంలో చేరేది ఇన్సులిన్‌ని సరిగ్గా పనిచెయ్యనివ్వదు. అందుకని మన దేశంలో ఆడవాళ్ళకి 80, మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు హద్దుగా పెట్టారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో మొదటిసారి నడుములు కొలిచింది. బి.ఎం.ఐ. 25 గానీ అంతకు మించి గానీ ఉన్న ఆడవాళ్ళు 24 శాతం. నడుము హద్దు దాటినవాళ్ళు 40 శాతం. మగవాళ్ళలో 12 శాతమే. హద్దులు వేరు కనక ఆ 40నీ 12నీ పక్కన పెట్టి గబుక్కున తీర్పు చెప్పకూడదు. నన్ను పట్టుకున్నది 24కీ 40కీ మధ్య ఉన్న ఖాళీ. అందులో ఎందరు అమ్మలున్నారో.

కొలతలంటే నాకు ఒళ్ళుమంట. 36-24-36 గురించీ, పెళ్ళిచూపుల్లో ఎగాదిగా కొలిచే చూపుల గురించీ క్లాసులో ఏళ్ళ తరబడి మాట్లాడుతున్నదాన్ని. అందులో ఒక్క మాటా వెనక్కి తీసుకోను. అమ్మ విషయంలో మాత్రం నా కోపం ఇంకోవైపు తిరిగింది. ఆమె నోటితో చెప్పిన దాహాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, ఒక అంకెని తీసుకున్నారు. రేపు టేపు వచ్చినా ‘తిని కూర్చుంటే పొట్ట రాదా’ అనడానికి దాన్నే వాడతారన్న భయమూ ఉంది. అమ్మ ఏనాడూ కూర్చోలేదు. అందరూ తిన్నాక మిగిలిన అన్నంలో పచ్చడి కలుపుకుంది. సాయంత్రం ఓ గంట నడిచొస్తానంటే, ఆ గంట వంట ఎవరు చేస్తారు?

కొలవడం పెద్ద పనేం కాదు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ నడిమధ్య, లంగా బొందు వదులు చేసి, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. నడుము ఎత్తులో సగానికి తక్కువ ఉండేలా చూసుకోమని బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు 2022 నుంచీ చెప్తున్నాయి. టేపు మీద అంకెలు అమ్మకి ఆనవు. అందుకని పురికొస పట్టుకుని తల నుంచి పాదం దాకా కొలిచి, సగానికి మడిచి నడుముకి చుడుతుంది. చుట్టూ రాకపోతే షుగరు పరీక్ష చేయించుకోమంటుంది. మొన్న ఎదురింటి పిన్నిగారికీ, మా పనిమనిషికీ చుట్టింది. నిన్న నాకు.