ట్రక్కు బేరం

మా చిన్న ట్రాక్టరుకి ట్రక్కు కొనాలని ఈ నెలంతా ఇంట్లో ఒకటే గోల. మా ఆయన మనసంతా నాలుగు చక్రాల పాత ట్రక్కు మీదే. చెరకు ఎక్కువ పడుతుంది, చవక కూడానూ. నేను రెండు చక్రాలదే అన్నాను. మాది 24 హెచ్‌పి బండి. రెండు చక్రాలదైతే బరువు కొంత ట్రాక్టరు వెనక చక్రాల మీద పడి బురదలో పట్టు దొరుకుతుంది, రివర్సు చెయ్యడమూ తేలిక. ముందువైపే కుప్ప పోస్తే మాత్రం ట్రాక్టరు ముక్కు లేస్తుంది, అది చూసుకోవాలి.

లాగడం సరే, ఆపడం మాటేమిటి? కిరాయికి చింతపల్లి వెళ్ళి లంబసింగి ఘాటు దిగేటప్పుడు నిండు ట్రక్కు ట్రాక్టరుని వెనకనుంచి తోసేస్తుంది. నర్సీపట్నంలో వెల్డింగు షాపాయన ట్రక్కుకి విడిగా బ్రేకులు పెడతానన్నాడు. నా చీటీ డబ్బులు దానికిస్తానన్నాను, హైడ్రాలిక్ జాకీకి కాదు. దింపుకోవడానికి మనుషులున్నారు కదండీ.

ఇంకో షరతు కూడా పెట్టాను. నాట్లకొచ్చే ఆడవాళ్ళని అందులో ఎక్కించకూడదు. సరుకు బండిలో మనుషుల్ని తీసుకెళ్ళడం చట్టం ఒప్పుకోదు కూడా.

"దగ్గరే కదే" అన్నారాయన.

ఆటో ఖర్చు ఎవరిదని అత్తయ్య అడిగారు. మనదే అన్నాను. ఇంకా ఎవరూ ఊ అనలేదు. సోమవారం అడ్వాన్సు ఇవ్వాలి. చీటీ డబ్బులు నా బీరువాలోనే ఉన్నాయి.