కానరాని తూటా

బాల్యమున ఆడిన ఆటలను దలచుకొని సంతోషింపనివారుండరు. మా పెద్దలు గోలీలను, బిళ్ళంగోడును, చెడుగుడును దలచుకొందురు. మేమును అవి యాడినవారమే గాని, మా తరమునకు వానితోపాటు మరియొక యాట లభించినది. అది టెలివిజను పెట్టెకు తగిలించి యాడు వీడియో గేము. ఇట్టి విషయము పాఠశాల వార్షిక సంచికకు తగునా యని కొంత తడవు సంశయించితిమి. అయినను, ఆ యాట మూలముననే మేము మా తమ్మునికి జేసిన యన్యాయ మొకటి చాల యేండ్లకు మాకు తెలియవచ్చినది. చదువరుల కది చెప్పుట మంచిదని తోచి వ్రాయుచున్నాము.

1996వ సంవత్సరపు వేసవి సెలవులలో మా నాయనగారు ఆ యంత్రమును గొనితెచ్చిరి. జపాను దేశమున నింటెండో కంపెనీవారు 1983లో 'ఫామికామ్' అను యంత్రమును వెలువరించిరి. మాకు వచ్చినది దానికి నకలు. ఆ దినములలో మన పట్టణముల బజారులలో అట్టి నకళ్ళే విరివిగా దొరకెడివి. దానితో వచ్చిన పసుపుపచ్చని క్యాసెట్టుపై 9999 ఆటలని అచ్చువేసి యుండెను. తెరచి చూడగా, కొద్దిపాటి యాటలే పేరులు మార్చుకొని మరల మరల వచ్చుచుండెను. లెక్కలలో మేమంత గట్టివారము కాకపోయినను, ఆ మోసమును రెండు దినములలో కనిపెట్టితిమి.

క్యాసెట్టు పట్టనియెడల దానిని వెలికిదీసి, నోటితో 'ఉఫ్' మని యూది, మరల దూర్చెడివారము. ఊదుటవలన ఉపకారము లేదనియు, నోటితడి తగిలి లోపలి లోహపు రేకులు చెడుననియు, తీసి మరల పెట్టుటయే అసలు వైద్యమనియు తరువాత తెలిసినది. ఆడినంతవరకు దాచుకొను ఉపాయమును ఆ యాటలలో లేకుండెను. నాలుగంకములు గెలిచి యయిదవదానిలో నుండగా కరెంటు పోయినచో, మరల మొదటినుండియే ఆడవలెను. ఆ వేసవిలో కరెంటు పోని మధ్యాహ్నము లేదు. మా నాయనమ్మ మాత్రము "పోతే పోయిందిలే, మీ కండ్లు చల్లబడతాయి" అనెడిది.

అన్నింటికంటె మాకు ప్రియమైన యాట 'కాంట్రా'. దీనిని కొనామీ కంపెనీవారు 1987లో బజారు యంత్రములకును, 1988లో ఇంటి యంత్రమునకును సిద్ధపరచిరి. ఇద్దరు సైనికులు తుపాకులు పట్టుకొని శత్రువుల నడుమ ముందునకు సాగుదురు. ఒక్క తూటా తగిలినను ఒక ప్రాణము పోవును. ఒక్కొక్కరికి మూడేసి ప్రాణములు. ఇద్దరు కలసి యాడిననే దానికి రుచి. మొదటి రిమోటు మాది, రెండవది మా తమ్మునిది. అప్పటికి వాని కేడేండ్లు, మాకు పదునొకండు.

వాడు తరచుగా చచ్చెడివాడు. అందును శత్రువులు గుంపుగా వచ్చినచోటనే చచ్చెడివాడు. "కండ్లు మూసుకొని ఆడుతున్నావా?" అని మేము గద్దింపగా, "తూటా కనబడలేదన్నయ్యా! మాయమైపోయి వచ్చి తగిలింది" అనెడివాడు. అది యోడినవాడు చెప్పు సాకని మేము నిశ్చయించుకొంటిమి. ఒకనాడు మూడంకములు గెలిచి, నాలుగవదాని చివరకు చేరిన వేళ వాని కడపటి ప్రాణము పోయెను. వాడు ఆ మాటయే చెప్పెను. మేము పొరుగింటి పిల్లల యెదుట వానిని "అబద్ధాలకోరు" అని తిట్టి, రిమోటు లాగికొని, పొరుగింటి బాలునకిచ్చితిమి. వాడేడ్వలేదు. గుమ్మమున గూర్చుండి కొంతసేపు చూచి, లేచిపోయెను. ఆ సెలవులలో వాడు మరల మాతో కాంట్రా యాడలేదు. మేమును పిలువలేదు.

అంతటితో పోలేదు. ఆ మాట మా యింట నొక సామెతయైనది. వానికి పరీక్షలో మార్కులు తగ్గినను, చేతిలోని పాలగిన్నె యొలికినను, "ఏమిరా, తూటా కనబడలేదా?" యని యింటిల్లిపాదియు నవ్వెడివారము. వాడును నవ్వెడివాడు. ఆ నవ్వు ఎట్టిదో మేమెన్నడు నాలోచింపలేదు.

కాలము గడచినది. యంత్రము చెడి పాతసామానులవాని తట్టలోనికి పోయెను. గత సంవత్సరము మా కుమారుడు, "మీ చిన్నప్పటి ఆటలు ఎట్లుండేవి?" అని యడుగగా, కంప్యూటరులో ఎమ్యులేటరు అను సాధనము నమర్చితిమి. ఒక యంత్రము చేయు పనినంతటిని మరియొక యంత్రముచేత చేయించు ప్రోగ్రామునకు ఆ పేరు. పాత యంత్రపు మెదడు సెకనునకు సుమారు 17 లక్షల 90 వేల స్పందనలతో నడచెడిది. దాని పని జ్ఞాపకము 2 కిలోబైట్లు మాత్రమే. క్యాసెట్టులోని యాజ్ఞల నొక్కొక్కటిగా చదివి, ఆ మెదడు ఏమి చేసియుండెడిదో ఎమ్యులేటరు లెక్కించి, అదియే చేయును. పగటివేషగాడు దొరవేషము వేసినప్పుడు దొర నడకతోపాటు ఆయన దగ్గునుగూడ దింపునట్లు, మంచి యెమ్యులేటరు పాత యంత్రపు గుణములతోపాటు లోపములనుగూడ అనుకరించును. ఇట్టి సాధనములు క్రొత్తవి కావు. ఇటలీ దేశస్థుడగు నికోలా సాల్మోరియా బజారు యంత్రముల యాటలకై 'మేమ్' అను దానిని 1997లోనే వెలువరించెను.

యంత్రమును అనుకరించుట వేరు, ఆటను ఊరక తెచ్చుకొనుట వేరు. ఆటలపై వాని కర్తలకు హక్కులు గలవు. మా చిన్ననాటి క్యాసెట్టే దొంగ నకలని యెరిగిన పిమ్మట మరల ఆ త్రోవ త్రొక్క మనసొప్పలేదు. కొనామీవారు 2019లో కాంట్రా యాటలను సంపుటముగా వెలువరించిరి. దానికి వెల చెల్లించిన తరువాతనే మా పరీక్షలకు దొరకొంటిమి.

మొదటి పాట వినబడగానే మా వ్రేళ్ళు వాని పనిని అవియే జ్ఞాపకము చేసికొనినవి. కాని యొక వింత జరిగినది. ఎమ్యులేటరులో ఆటను ఎచ్చటనైన నిలిపి దాచుకొని, చచ్చినప్పుడు అచ్చటినుండియే మొదలిడవచ్చును. అట్లు దాచుకొనుచు, బాల్యమున నెన్నడు చూడని యెనిమిదవ యంకమును ఒక్క సాయంకాలమున గెలిచితిమి. గెలిచితిమి గాని గుండె కొట్టుకొనలేదు. మా కుమారుడు నడుమనే లేచి మంచినీళ్ళకు పోయెను. పోవునను భయము లేనిచోట వచ్చెనను సంతోషమును లేదని యప్పుడు గ్రహించితిమి.

మరునాడు ఎమ్యులేటరులోని సదుపాయముల పట్టికను చదువుచుండగా, 'వరుసకు ఎనిమిది బొమ్మల హద్దును తొలగించుట' యను నొక యంశము కనబడెను. ఇదేమని విచారింప తెలిసినది యిది. పాత యంత్రము తెరపై బొమ్మను అడ్డగీతలుగా, పైనుండి క్రిందికి గీయును. కదలెడి ముక్కలు, అనగా సైనికులు, శత్రువులు, తూటాలు, తెర మొత్తముమీద 64 ఉండవచ్చును గాని, ఒక్క అడ్డగీతపై ఎనిమిది మాత్రమే గీయబడును. తొమ్మిదవది యుండియు కానరాదు. ఒక్కొక్క సైనికునకు ప్రక్కప్రక్కన రెండు ముక్కలైనను కావలయును. మన సైనికులిద్దరు, శత్రువు లిద్దరు ఒక వరుసలో నిలిచిరా, ఎనిమిదియు నిండెను. అప్పుడు వచ్చు తూటా తొమ్మిదవది. ఎల్లప్పుడు నొక్కదానికే యన్యాయము జరుగకుండుటకై ఆట చేసినవారు ముక్కల వరుసను క్షణక్షణము మార్చెదరు. అందుచేత బొమ్మలు మినుకుమినుకుమనుచు నొకసారి కనబడి యొకసారి మాయమగును. కాని తెరపై లేకున్నను తూటా లెక్కలో నుండును. లెక్కలో నున్న తూటా తగులును.

మేము ఆ వాక్యముకడ చాలసేపు నిలిచిపోతిమి. పిదప ఆటను శత్రువులు గుంపుగూడిన తావునకు నడిపించి, ఒక్కొక్క చిత్రముగా ముందునకు జరిపితిమి. హద్దు ఉన్నప్పుడు తూటా ఒక చిత్రమున నుండెను, మరియొకదానిలో లేకుండెను. హద్దు తొలగింపగా అదే చిత్రమున, అదే చోట, సైనికుని రొమ్మునకు ఎదురుగా తూటా నిలిచియుండెను. మా తమ్ముడు చెప్పినది అక్షరాల నిజము.

మేమును అట్లెన్నిమారులు చచ్చియుందుమో గదా! మాకు సంభవించినప్పుడు దానిని దురదృష్టమంటిమి, వానికి సంభవించినప్పుడు అబద్ధమంటిమి. మరియొక సంగతియు తోచినది. మూడవ యంకమున జలపాతము నెక్కవలెను. పైనున్నవాడు త్వరపడి యెక్కిన కొలది తెర పైకి జరుగును. క్రింద మిగిలినవాడు చచ్చును. ఆ త్వరపడినవారము ఎల్లప్పుడు మేమే. ఆ సంస్థలో పనిచేసిన కజుహిసా హషిమోటో, 1986లో 'గ్రాడియస్' అను ఆటను ఇంటి యంత్రమునకు సిద్ధపరచుచు, అది తనకే కష్టముగా నుండుటచే సులభముగా సాగుట కొక మీటల సంకేతమును అందుంచెను. ఆ సంకేతమే కాంట్రాలో ముప్పది ప్రాణముల నిచ్చును. ఆటలు చేయువారే తమకొక మినహాయింపు నుంచుకొనిరి. ఏడేండ్ల బాలునకు మేము ఒక్క మాటయైన మినహాయింపలేదు.

ఆ రాత్రియే బెంగుళూరులోనున్న తమ్మునకు ఫోను చేసి జరిగినది చెప్పితిమి. కొంతసేపు మాటలేదు. తరువాత నవ్వి, "అన్నయ్యా, అన్నిసార్లూ కాదులే. కొన్నిసార్లు చూస్తూనే చచ్చాను. కాని ఆ రోజు మాత్రం నిజంగా కనబడలేదు" అనెను. ఏ రోజని వాడు చెప్పలేదు, మేమడుగలేదు. ఇన్నేండ్లు వానికి జ్ఞాపకమున్నదన్నమాట. "నీవు చెప్పింది నిజమేరా. నమ్మకపోవడం మా తప్పు" అంటిమి. అంతకు మించి మాటలు రాలేదు.

క్రిస్మసు సెలవులకు వాడు వచ్చినప్పుడు రెండు రిమోట్లు తగిలించి కూర్చుంటిమి. నడుమ దాచుకొనరాదని నియమము పెట్టుకొంటిమి. ఎనిమిది బొమ్మల హద్దును తొలగింపక, పాత యంత్రపు లోపమును లోపముగనే యుంచితిమి. జలపాతముకడ మేము క్రింద నిలిచి, వానిని ముందు ఎక్కనిచ్చితిమి. అయిదవ యంకమున ఇద్దరమును చచ్చితిమి. మా కుమారుడు, "చిన్నాన్నా, ఎట్లా చచ్చిపోయావు?" అని యడుగగా, వాడు తాపీగా "తూటా కనబడలేదురా" అనెను. ఇంటిల్లిపాదియు నవ్వితిమి. ఈ మారు ఆ నవ్వు వానిమీద నవ్వు కాదు.

అమెరికా దేశమున వెలువడిన ప్రాత వీడియో ఆటలలో నూటికి 87 నేడు అంగళ్ళలో దొరకనివని అచ్చటి వీడియో ఆటల చరిత్ర సంస్థవారు 2023లో ప్రకటించిరి. ప్రాత యాటలను కాపాడువారు ఆటబొమ్మలను మాత్రమే కాపాడుచున్నారని మేమనుకొనెడివారము. ఆ లోపముతోగూడ ఎవరో శ్రద్ధగా భద్రపరచి యుండనిచో మా తమ్ముని మాటకు ఈనాడు సాక్షి లేకుండెడిది.

ప్రియ విద్యార్థులారా, మీ తమ్ముడో చెల్లెలో తోటి విద్యార్థియో "నాకు కనబడలేదు" అన్నప్పుడు, నమ్ముటకు ముందు సాక్ష్యము కోరకుడు. మా సాక్ష్యము మాకు చేరుటకు చాల ఆలస్యమైనది. మీ కంతకాలము పట్టకుండుగాక!