కొత్త తాళం తీసి పాత తాళం పెట్టాం!

మీ ఫోన్ పోయిందనుకోండి. దొరికినవాడు దాన్ని విప్పి, స్టోరేజ్ చిప్ బయటికి తీసి చదివినా వాడికి కనిపించేది అర్థంలేని చెత్తే. ఎందుకంటే మన ఫోటోలు, చాట్‌లు చిప్ మీద రాసేటప్పుడే ఎన్‌క్రిప్ట్ అయిపోతాయి. ఆండ్రాయిడ్ 10 నుంచి కొత్త ఫోన్లకు ఇది తప్పనిసరి. సర్వర్ల డిస్కుల మీద ఇదే పని చేసే సాఫ్ట్‌వేర్ రాయడం నా ఉద్యోగం.

దాన్ని అమెరికా ప్రభుత్వ ఆఫీసులకు అమ్మాలంటే "మాది ఎన్‌క్రిప్టెడ్" అంటే సరిపోదు. ఫిప్స్ 140 పాస్ కావాలి. నిస్ట్ అనే అక్కడి ప్రభుత్వ సంస్థ పెట్టిన ప్రమాణం ఇది. 2019లో వచ్చిన 140-3 దీని తాజా రూపం. గుర్తింపు ఉన్న ల్యాబ్ పరీక్షించాలి, సర్టిఫికెట్ రావాలి.

డిస్కుకి వాడే ఏఈఎస్‌తో గొడవ లేదు. 2001 నుంచీ అది ప్రభుత్వ ప్రమాణమే. ఫిప్స్ మోడ్‌లో లైనక్స్ బూట్ అయితే, ముందు జవాబు తెలిసిన లెక్కలు చేసి తనని తాను పరీక్షించుకుంటుంది. తప్పొచ్చిందా, మెషిన్ అక్కడే ఆగిపోతుంది. చెడిపోయిన తాళంతో ఇల్లు నడపడం కంటే ఇల్లు తెరవకపోవడమే నయం కదా. ఇది నాకు నచ్చింది.

నచ్చనిది పాస్‌వర్డ్ దగ్గర ఎదురైంది. పాస్‌వర్డ్‌ని కీగా మార్చడానికి మేం ఆర్గాన్2 వాడేవాళ్లం. 2015లో పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీలో గెలిచింది అది. ఒక్కో ప్రయత్నానికి బోలెడంత మెమరీ తింటుంది కాబట్టి, గ్రాఫిక్స్ కార్డులు వరసగా పెట్టుకుని పాస్‌వర్డ్‌లు ఊహించేవాడికి చుక్కలు చూపిస్తుంది. కానీ ఆమోదించిన జాబితాలో అది లేదు. ఉన్నది పీబీకేడీఎఫ్2. ఒకే లెక్కని వేలసార్లు తిప్పుతుందే గానీ, మెమరీ పెద్దగా అడగదు.

"సర్టిఫికెట్ కోసం సెక్యూరిటీ తగ్గించుకుంటామా?" అని మీటింగ్‌లో గట్టిగానే అడిగాను.

మా సీనియర్ నవ్వారు. "నువ్వు నీది బలమైనదంటావు. రాత్రికి రాత్రి సొంత పద్ధతి అల్లుకున్నవాడు కూడా అదే అంటాడు. కొనేవాడికి తేడా ఎలా తెలియాలి?"

దానికి నా దగ్గర జవాబు లేదు. అలాగని జాబితాలో ఉన్నదంతా దేవుడి రాత కాదు. డ్యూయల్ ఈసీ అనే రాండమ్ నంబర్ల పద్ధతిని నిస్ట్ 2006లో ఆమోదించింది. అందులో దొడ్డిదారి ఉండొచ్చని 2007లోనే పరిశోధకులు హెచ్చరించారు. 2013లో స్నోడెన్ పత్రాలు బయటికొచ్చాక అనుమానం బలపడింది. దాన్ని తీసేస్తున్నట్టు 2014లో నిస్ట్ ప్రకటించింది. ఆ లోపాన్ని పట్టింది సర్టిఫికెట్ కాదు. లెక్క అందరికీ కనిపించేలా ఉంది కాబట్టి, చదివిన మనుషులు పట్టుకున్నారు.

చివరికి మేం రెండూ ఉంచాం. ఫిప్స్ మోడ్‌లో పీబీకేడీఎఫ్2, మిగతావాళ్లకి ఆర్గాన్2. ఫిప్స్ మోడ్‌లో లెక్క తిప్పే సంఖ్యనీ, పాస్‌వర్డ్ కనీస పొడవునీ పెంచాం. తాళం కాస్త పాతదైనప్పుడు తాళంచెవి పొడుగ్గా ఉండాలి మరి.

ఈసారి ఏదైనా యాప్ "ప్రభుత్వ స్థాయి ఎన్‌క్రిప్షన్" అని గొప్పలు చెబితే, సర్టిఫికెట్ నంబర్ ఎంతో అడగండి. నిస్ట్ సైట్‌లో ఆ జాబితాను ఎవరైనా వెతుక్కోవచ్చు. తర్వాత మీ ఫోన్ పిన్ కూడా ఒకసారి చూసుకోండి. అది మీ పుట్టిన సంవత్సరమే అయితే, ఇంటికి ఎంత మంచి తాళం వేసినా తాళంచెవి చెప్పుల స్టాండ్‌లో పెట్టి వెళ్లినట్టే.