గోడకుర్చీ

మా వీధి ఆడవాళ్లకి నడక అనుమతి ఎప్పుడో దొరికింది. తెల్లవారకముందే చీర కింద బూట్లేసుకుని ప్రకాశం బ్యారేజీ వైపు బయల్దేరితే ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు. 1957 నాటి ఆ కట్టడం పొడవు 1,223 మీటర్లు. సీతానగరం ఒడ్డు దాకా వెళ్లి తిరిగొస్తే అరగంట పైచిలుకు. వారంలో ఐదు రోజులు తిరిగితే డాక్టర్లు చెప్పే 150 నిమిషాలూ తీరిపోతాయి. పైగా కోడళ్ల మీది ఫిర్యాదులన్నీ కృష్ణలో కలిపేసి రావచ్చు.

చిక్కంతా కూర్చోవడంతోనే. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గి రక్తనాళాలు బిరుసెక్కుతాయి, ఉప్పు మునుపటికన్నా తొందరగా బీపీ పెంచుతుంది (ఆవకాయ తినే చోట పుట్టినవాళ్లకి ఇదెంత అన్యాయం!). రాత్రిళ్లు ఒంట్లోంచి ఆవిర్లు లేచి మెలకువొచ్చేస్తుంది. మే నెలలో ఆ సెగ ఒంటిదో బెజవాడదో తేల్చడం కష్టం. అందుకే రోజూ కాసేపు కళ్లు మూసుకుని, నిమిషానికి ఆరేడు ఊపిర్లు మించకుండా కూర్చోమంటారు. హాల్లో అలా కూర్చున్న ఆడమనిషిని చూస్తే ఇల్లంతా కంగారే. "ఒంట్లో బాలేదా?" అని ఒకరు, "కుక్కర్ ఎన్ని కూతలేసింది?" అని మరొకరు. అదే మగవాడు కూర్చుంటే పేపరు చదివి అలిసిపోయాడనుకుంటారు.

నాకు దొరికిన ఉపాయం గోడకుర్చీ. బడిలో లెక్క తప్పితే వేయించేవారే, అదే. 270 పరిశోధనలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2023లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చింది. నడక, పరుగులాంటివి బీపీ పై అంకెను సగటున నాలుగున్నర దించితే, కదలకుండా కండరం బిగించే వ్యాయామాలు ఎనిమిది దాకా దించాయట. అందులో గోడకుర్చీది ముందు వరస. రెండేసి నిమిషాలు నాలుగుసార్లు, నడుమ రెండేసి నిమిషాల విరామం, వారానికి మూడు రోజులు. ఊపిరి బిగబట్టకూడదు. బీపీ మరీ ఎక్కువున్నవాళ్లూ మోకాళ్లరిగినవాళ్లూ ముందు డాక్టర్ని అడగాలి. మాత్ర మానడానికి ఇది సాకు కాదు. మొదట్లో అరనిమిషానికే తొడలు వణికిపోతాయి.

నాకు అసలు లాభం ఆ విరామంలోనే ఉంది. గోడకానుకుని చెమటలు కక్కుతున్న మనిషిని కాఫీ అడగడానికి మా ఇంట్లో ఎవరికీ నోరు రాదు. విరామంలో కళ్లు మూసుకుని నింపాదిగా ఊపిరి తీస్తున్నా "ఎక్సర్‌సైజు చేస్తోంది" అనే అనుకుంటారు. నేనూ కాదనను.