దుబాయిలో ఇరవై ఒక్క గంట

కాచుకొని కూర్చోవడం మా వేలూరు, గుడియాత్తం వాళ్ళకు కొత్తేమీ కాదు. కాట్పాడి జంక్షన్‌లో రైళ్ళు మారి మారి పెరిగినవాళ్ళం. అందుకే 2023 జూన్‌లో మా అమ్మాయి పురిటికని నేనూ, నా శ్రీమతీ న్యూయార్క్ బయలుదేరినప్పుడు, దుబాయిలో మూడు గంటల విరామం అంటే నవ్వుకున్నాను. ఒక కునుకు తీసేలోగా అయిపోతుందనుకున్నాను.

తెల్లవారి నాలుగు గంటలకు చెన్నైలో లేవవలసిన విమానం ఎనిమిదింటికి లేచింది. ‘సాంకేతిక కారణం’ అన్నారు. దుబాయి చేరేసరికి మా రెండో విమానం వెళ్ళిపోయింది. సీట్లున్న తరువాతి విమానం మరునాటి ఉదయమే. లెక్కవేస్తే ఇరవై ఒక్క గంట.

కౌంటరు ముందు వందమంది వరుస. మా వంతు వచ్చాక ఆ అమ్మాయి భోజనం కూపన్లు రెండు చేతికిచ్చి, “హోటల్ గది సంగతి తరువాత చెప్తాం, కూర్చోండి” అంది. నాకు చెడ్డ కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళు కౌంటరుకు అవతలి పక్కన కూర్చున్నవాణ్ణి గదా, ఆ ‘తరువాత’ అనే మాటకు అర్థం నాకు బాగా తెలుసు.

ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. 1990ల చివర నేను వేలూరులో పనిచేసేటప్పుడు సి.ఎం.సి. ఆస్పత్రికి ఆంధ్రా నుంచి వచ్చే రోగుల బంధువులు మా బ్యాంకుకే వచ్చేవారు. ఊరి నుంచి డబ్బు టి.టి.లో రావాలి. ఒకనాడు మధ్యాహ్నం రెండు దాటి ఐదు నిమిషాలకు ఒక పెద్దాయన వచ్చి, “నా డబ్బు వచ్చిందా అయ్యా?” అన్నాడు. “టైమైపోయింది, రేపు రండి” అన్నాను. ఆయన మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు. మరునాడు చూస్తే ఆ టి.టి. ముందురోజు పన్నెండింటికే వచ్చి ఉంది. కాగితం తిప్పి చూడలేదు, అంతే. దుబాయి కుర్చీలో ఆ మెట్లు ఎందుకో కళ్ళకు కట్టాయి. కోపం పూర్తిగా పోయిందని చెప్పను గానీ మళ్ళీ వెళ్ళి అరవబుద్ధి కాలేదు.

అసలు చిక్కు అది కాదు. నా శ్రీమతికి పొద్దున, రాత్రి ఇన్సులిన్ వేసుకోవాలి. సూదిని సెక్యూరిటీలో ఆపేస్తారేమోనని నేనే తెలివిగా దాన్ని పెద్ద పెట్టెలో పెట్టేశాను. ఆ పెట్టె న్యూయార్క్ దాకా మా చేతికి రాదు! మధ్యాహ్నం మూడింటికి ఆమె మొహం వాడిపోయింది. “తల తిరగతా ఉండాది, నోరెండిపోతా ఉండాది” అంది. నా చేతులు వణికాయి. “కొంచెం ఓర్చుకో, ఎవరినైనా అడగతాను” అంటూ లేచాను.

నేల తుడిచే బండి నెట్టుకుంటూ పోతున్న కుర్రాడు ఆగాడు. “మీది తెలుగేనా సార్? ఏ ఊరు?” అన్నాడు. మా ఆర్కాడు తెలుగు విని సందేహం వచ్చి ఉంటుంది. వేలూరన్నాను. “దవాఖాన ఉన్న వేలూరా! మా బాపును ఆడికే తోల్కపోయినం” అన్నాడు. అతనిది జగిత్యాల దగ్గర పల్లె. సంగతి విని, బండి గోడవారగా పెట్టి, మమ్మల్ని అక్కడి వైద్య కేంద్రం దాకా నడిపించాడు. ఆ విమానాశ్రయం 1960లో ఇసుకను గట్టిపరచిన రన్‌వేతో మొదలైందట. 2023లో దాదాపు 8.7 కోట్లమంది ప్రయాణికులు దాని గుండా వెళ్ళారు. అంతమందిలో మాకు అతను దొరికాడు.

షుగరు 318 ఉంది. నా సెల్‌ఫోన్‌లో ఉన్న సి.ఎం.సి. చీటీ ఫోటో చూసి డాక్టరు మందు ఇచ్చారు. నాకు చీవాట్లూ పెట్టారు. ఇన్సులిన్ ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలట. కింద సామాన్ల అరలో చలికి గడ్డకడితే ఇక పనికిరాదట. డాక్టరు చీటీ చూపిస్తే సూదికి అడ్డు చెప్పరట. నూరు మిల్లీలీటర్ల నిబంధన కూడా మందులకు వర్తించదట. పెద్దవాళ్ళను పంపే పిల్లలు ఈ మాట గుర్తుంచుకుంటే మంచిది.

సాయంత్రానికి గది ఇచ్చారు. అమెరికా వీసా ఉన్న మనవాళ్ళకు దుబాయిలో దిగగానే వీసా ఇస్తారు గనుక బయటికి పోగలిగాం.

ఊరికొచ్చాక బ్యాంకు బుద్ధి ఊరుకోక నష్టపరిహారం సంగతి చదివాను. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 2009లో చేరింది. ఆలస్యం వల్ల జరిగిన నష్టాన్ని రుజువు చేస్తే అడగవచ్చు. సాధ్యమైన జాగ్రత్తలన్నీ తీసుకున్నామని వాళ్ళు రుజువు చేస్తే ఏమీ రాదు. ఐరోపాలోలాగా 250 నుంచి 600 యూరోల దాకా ముందే కట్టిన లెక్క అందులో లేదు. డాక్టరు బిల్లు జతచేసి ఉత్తరం రాశాను. నాలుగు నెలలకు ఆ బిల్లు డబ్బు మాత్రం వచ్చింది.

మేము చేరిన మూడో రోజు మనవడు పుట్టాడు. తిరుగు ప్రయాణంలో మళ్ళీ దుబాయిలోనే ఐదు గంటలు. ఆ కుర్రాడు కనిపిస్తాడేమోనని, వాడికని తెచ్చిన చాక్లెట్ల పొట్లం పట్టుకొని, ఇద్దరం ఆ వరండా అంతా రెండుసార్లు తిరిగాము. కనిపించలేదు. ఇన్సులిన్ మాత్రం ఆమె భుజాన సంచిలోనే ఉంది. దాన్ని నన్ను ముట్టుకోనివ్వలేదు.